అల్బినిజం ఉన్న పాప బడికి వెళ్తోంది: కంటికి ఏం చేయాలి, ఒంటికి ఏం చేయాలి

మీరు అడిగినవి నాలుగు. ఒంగోలులో ఒకటో తరగతి చదువుతున్న ఆరేళ్ల పాప, పుట్టినప్పుడే అల్బినిజం, అంటే ఒంట్లో రంగు పదార్థం తయారవకపోవడం లేదా తక్కువగా తయారవడం, అన్నారు. అద్దాలు పెట్టినా పుస్తకంలో ముఖం పెట్టేసి చదువుతోందని టీచరు ఫిర్యాదు. ఎండలో అరగంట ఉంటే చర్మం కందిపోతోంది. బావంచాల నూనె రాసి పొద్దుటెండలో కూర్చోబెడితే రంగు వస్తుందని పాప నానమ్మగారికి ఎవరో చెప్పారు. ఇక రెండో బిడ్డ సంగతి.

నూనె సంగతి ముందు తేల్చేద్దాం, అది ఆగలేనిది. రాయకండి. ఇప్పటికే రాసి ఉంటే సబ్బుతో కడిగేసి, రెండు మూడు రోజులు పాపని అసలు ఎండ తగలనివ్వకండి. బావంచాలు బొల్లికి వాడే మందు. అందులో సొరాలెన్ అనే పదార్థం ఉంటుంది, అది చర్మాన్ని అతినీలలోహిత కిరణాలకి మామూలుకంటే ఎన్నో రెట్లు సున్నితంగా చేస్తుంది. బొల్లిలో రంగు తయారుచేసే కణాలు మచ్చ ఉన్న చోట చచ్చిపోతాయి, మచ్చ అంచున, వెంట్రుక కుదుళ్లలో మిగిలినవాటిని రెచ్చగొట్టి రంగు తెప్పించడం ఆ వైద్యం. అల్బినిజంలో కథ వేరు. రంగు కణాలు మామూలు లెక్కలోనే ఉన్నాయి. అవి మెలనిన్ అనే రంగు పదార్థాన్ని తయారుచేయలేవు, లేదా చాలా కొద్దిగా చేస్తాయి. ఎంత రెచ్చగొట్టినా రంగు రాదు, బొబ్బలు మాత్రం వస్తాయి. నానమ్మగారికి చెప్పేటప్పుడు "ఇది బొల్లి కాదు, ఆ మందు ఈ జబ్బుకి కాదు" అంటే చాలు, మందే మంచిది కాదని వాదించక్కర్లేదు. నిమ్మరసం, సున్నిపిండి, గర్భిణి తిన్న కుంకుమపువ్వు, గ్రహణం, ఇవేవీ దీనికి కారణం కావు, మందూ కావు. నిమ్మరసం రాసిన చర్మానికి ఎండ తగిలితే నల్లగా కాలిన మచ్చలు పడతాయి కాబట్టి అదీ వద్దు.

ఇప్పుడు కన్ను. టీచరు ఫిర్యాదుకి మూలం ఇక్కడే ఉంది, అందుకే దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను.

బిడ్డ కడుపులో ఉన్నప్పుడు కంటి వెనుక తెర సరిగ్గా తయారవ్వాలంటే మెలనిన్ కావాలి. అది లేకపోతే మూడు లోపాలు మిగులుతాయి. తెర మధ్యలో సన్నని అక్షరాలు చదవడానికి ఉండే ఫోవియా అనే గుంట సరిగ్గా ఏర్పడదు. కంటినుంచి మెదడుకి వెళ్లే నరపు పోగులు ఉండాల్సినదానికంటే ఎక్కువగా అవతలి వైపుకి దాటిపోతాయి, దానివల్ల రెండు కళ్ల చూపు కలిసి లోతు అంచనా వేయడం బలహీనపడుతుంది. కనుపాప చుట్టూ ఉండే వలయంలో (ఐరిస్) రంగు లేక వెలుతురు కనుపాపనుంచే కాక ఆ వలయంలోంచి కూడా లోపలికి చొరబడుతుంది. మీకు కనిపించే కనుగుడ్ల ఊగులాట, అంటే నిస్టాగ్మస్, రెండు మూడు నెలల వయసులో మొదలై ఉంటుంది. మెల్ల కూడా చాలామందికి ఉంటుంది.

అద్దాలు వీటిలో దేన్నీ సరిచేయవు. అవి సరిచేసేది పవర్ దోషాన్నే, ముఖ్యంగా అల్బినిజంలో ఎక్కువగా కనిపించే, కంటి ముందు పొర వంపు అన్ని దిక్కులా ఒకేలా లేనందువల్ల వచ్చే సిలిండర్ పవర్‌ని. అందుకే అద్దాలు పెట్టాక కూడా చార్టు మీద 6/24, 6/36, 6/60 దగ్గర ఆగిపోతుంది. 6/60 అంటే మామూలు కన్ను అరవై మీటర్లనుంచి చదివే అక్షరాన్ని పాప ఆరు మీటర్లనుంచి చదువుతుంది. అలాగని అద్దాలు తీసేయకండి. ఉన్న కాస్త చూపుని అవి పదునుగా ఉంచుతాయి, ఈ వయసులో మెదడు చూడటం నేర్చుకుంటోంది కాబట్టి మరీ అవసరం. కంట్లో చుక్కలు వేసి పవర్ చూసే పరీక్ష ఆరు నెలలకోసారి, ఎనిమిదేళ్లు దాటాక ఏడాదికోసారి చేయించండి.

ఆ పరీక్షలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. మామూలు పిల్లల్లాగే ఒక కన్ను మూసి రెండో కన్ను చూస్తారు. నిస్టాగ్మస్ ఉన్న పిల్లల్లో ఒక కన్ను మూయగానే ఊగులాట పెరిగి, ఆ క్షణానికి చూపు నిజంగానే తగ్గుతుంది. మూసే బదులు ఆ కంటి ముందు ఎక్కువ ప్లస్ కటకం పెట్టి మసకబరచాలి, తర్వాత రెండు కళ్లూ తెరిచి ఉంచి విడిగా ఒక కొలత రాయాలి. తల తిప్పి చూస్తుంటే తిప్పనివ్వాలి, తిన్నగా పెట్టించకూడదు. "రెండు కళ్లూ తెరిచి ఎంత, దగ్గర చూపు ఎంత" అని మీరే అడిగి రాయించుకోండి. దగ్గర చూపు దూరపు చూపుకంటే బాగుండటం వీళ్లలో మామూలే. దగ్గరి వస్తువు చూడటానికి కళ్లు లోపలికి తిరిగినప్పుడు ఊగులాట తగ్గుతుంది.

ఇప్పుడు పుస్తకంలో ముఖం పెట్టడం. అది చెడు అలవాటు కాదు, పాప తనంతట తాను కనిపెట్టిన భూతద్దం. నలభై సెంటీమీటర్ల దూరంలో ఉన్న అక్షరాన్ని పదికి తెస్తే కంటి తెర మీద అది నాలుగు రెట్లు పెద్దదవుతుంది. ఆరేళ్ల పిల్ల కంటి కటకం ఇంకా మెత్తన, ఆ దూరంలో దృష్టి నిలపగలదు. దగ్గర పెట్టుకుంటే కళ్లు పాడవుతాయన్నది ఈ పిల్లల విషయంలో నిజం కాదు. టీచరు దగ్గరికి వెళ్లి చెప్పాల్సిన మొదటి మాట ఇదే: "దూరం జరుపు" అనొద్దని. అయితే గంటల తరబడి అలా చూస్తే కళ్లు అలసిపోతాయి, తలనొప్పి వస్తుంది. సాయంత్రం కళ్లు నులుముకోవడం, చదువుతూ వరస తప్పడం కనిపిస్తే చదివే భాగానికి వేరే పవర్ ఉన్న బైఫోకల్ అద్దాలు అవసరమేమో అడగండి.

ఇందులో దెబ్బతినేది మెడ, నడుము. బల్ల మీద పుస్తకం పడుకోబెట్టి ఉంటే పిల్ల దాని మీదికి వంగాలి. పుస్తకాన్నే పైకి లేపాలి. నలభై డిగ్రీల వాలున్న చెక్క స్టాండు చేయించండి, వడ్రంగికి ఒక పూట పని. కింద అంచున పుస్తకం జారకుండా రెండు సెంటీమీటర్ల పట్టీ కొట్టించండి. అది వచ్చేదాకా పరీక్ష ప్యాడ్‌ని నాలుగు లావు పుస్తకాలకి ఆనించి పెట్టినా పని నడుస్తుంది.

తెలుగు అక్షరాల దగ్గర ఒక అదనపు చిక్కు ఉంది. ఇంగ్లీషు చదివినంత తేలిగ్గా తెలుగు చదవడం లేదని మీరు రాశారు, దానికి కారణం బద్ధకం కాదు. ద, ధ, థ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదానికి కింద చిన్న గీత, ఒకదానికి కడుపులో చుక్క, తేడా అంతే. ప, ఫ అంతే. వ, ప మధ్య తేడా తలకట్టు దగ్గర ఉన్న కాస్త సందు. మ చివర కొమ్ము, వు కొమ్ము మసక చూపుకి ఒకటే. వత్తు అసలు అక్షరంలో సగం కూడా ఉండదు, పైగా కింది వరస గుడిదీర్ఘానికి తగులుతూ అచ్చవుతుంది. కాబట్టి ఇంగ్లీషు 18 పాయింట్లలో హాయిగా చదివే పిల్లకి తెలుగు 24 కావాల్సి రావచ్చు, వరసల మధ్య ఎడం కూడా ఒకటిన్నర రెట్లు ఉండాలి. సైజు తేల్చడానికి ఇంట్లోనే పరీక్ష పెట్టండి. ఒకే పేరాని 18, 24, 30, 36 పాయింట్లలో అచ్చు తీసి ఒక్కో నిమిషం చదివించండి. ఎక్కడినుంచి వేగం పెరగడం ఆగిపోతుందో అదే పాప సైజు. అంతకంటే పెద్దది చేస్తే వరస మొత్తం ఒక్క చూపులో పట్టక మళ్లీ నెమ్మదిస్తుంది. ఇంకా పెద్దగా ఉంటే మంచిదనుకుని 48లో అచ్చు వేయించి, ఆ బరువు పుస్తకాన్ని పిల్ల ముట్టడం లేదని బాధపడే తల్లిదండ్రులు చాలామంది.

ఒకటి రెండు తరగతుల పుస్తకాల్లో అచ్చు పెద్దగానే ఉంటుంది. అసలు ఇబ్బంది మూడు, నాలుగు తరగతుల్లో అక్షరం చిన్నదయ్యాక మొదలవుతుంది. "నిన్నటిదాకా బాగా చదివింది, ఇప్పుడు మొద్దుబారింది" అనేది అప్పుడే వినిపిస్తుంది. ఆ వేళకి సాధనాలు చేతికి అలవాటై ఉండాలి కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టండి. కాగితం మీద బోర్లించి జరుపుకునే డోమ్ భూతద్దం పిల్లలకి మొదటిది. దూరం దానంతటదే కుదురుతుంది, చెయ్యి వణికినా ఇబ్బంది లేదు, చుట్టూ ఉన్న వెలుతుర్ని లోపలికి పోగేస్తుంది. పెద్దదనం రెండు రెట్లలోపే ఉంటుంది, దగ్గర పెట్టుకునే అలవాటుతో కలిపితే అది సరిపోతుంది. ప్రభుత్వ పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు దొరుకుతాయి, పది అంగుళాల ట్యాబ్‌లో వేళ్లతో సాగదీసుకుని చదవొచ్చు. తెల్లకాగితం మెరుపు ఇబ్బంది పెడుతుంటే నల్ల నేపథ్యం మీద తెల్ల అక్షరాలు పెట్టి చూడండి, కొందరికి బ్రహ్మాండంగా కుదురుతుంది, కొందరికి అస్సలు నచ్చదు. విండోస్ కంప్యూటర్లో విండోస్ గుర్తున్న మీట, ప్లస్ మీట కలిపి నొక్కితే తెర పెద్దదవుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో మాగ్నిఫికేషన్ ఉంటుంది.

రాతకి: నాలుగు గీతల కాపీ పుస్తకంలో లేత నీలం గీతలు పాపకి కనిపించవు, అందుకే అక్షరాలు గాల్లో తేలుతుంటాయి. వారానికి పదిహేను పేజీలు మీరే నల్ల స్కెచ్ పెన్నుతో గీతలు దిద్దిపెట్టండి. హెచ్‌బీ పెన్సిలు బదులు 2బీ.

బోర్డు కోసం మొదటి బెంచీ అంటారు అందరూ. అది సగం సంగతే. నిస్టాగ్మస్ ఉన్న చాలామందికి కళ్లు ఒక పక్కకి తిప్పినప్పుడు ఊగులాట తగ్గే చోటు ఒకటుంటుంది. పాప టీవీ చూసేటప్పుడు తల ఎటు తిప్పుతుందో గమనించండి. ముఖం ఎడమకి తిప్పి కళ్లు కుడివైపు పెట్టి చూస్తుంటే బోర్డు తనకి కుడిపక్కన ఉండేలా, అంటే గదిలో ఎడమ వైపు కూర్చోబెట్టాలి. తల తిప్పొద్దని తిట్టకూడదు. మెడ పట్టేసేంతగా తిప్పుతుంటే ఆ చోటుని మధ్యకి తెచ్చే కంటి కండరాల ఆపరేషన్ ఉంది, అది తల నిలపడానికే, చూపు పెంచడానికి కాదు. కిటికీ ఎప్పుడూ వీపు వెనక ఉండాలి. రాసేది పైకి చదువుతూ రాయమని టీచర్ని అడగండి. మొత్తం తరగతికీ మేలే.

ఏడెనిమిదేళ్లు వచ్చాక నాలుగు రెట్ల మోనాక్యులర్, అంటే ఒంటికంటి చిన్న దూరదర్శిని, నేర్పించాలి. 6/60 చూపుతో నాలుగు రెట్లది పెడితే దాదాపు 6/15 అక్షరం అందుతుంది. బస్సు బోర్డు, షాపు పేరు చదవొచ్చు. అందరూ మొదట చేసే తప్పు ముందు గొట్టం కంటికి పెట్టి తర్వాత బోర్డు కోసం వెతకడం. కనిపించే మేర చాలా చిన్నది కాబట్టి అలా ఎప్పటికీ దొరకదు. ముందు ఉత్త కంటితో బోర్డు వైపు చూడాలి, చూపు కదపకుండా గొట్టాన్ని కంటికి తేవాలి, మోచేయి బల్లకి ఆనించాలి, తర్వాత రింగు తిప్పి స్పష్టం చేసుకోవాలి. మూడు మీటర్ల దూరంలో గోడ క్యాలెండరు మీద పెద్ద అంకెలతో మొదలుపెట్టి రోజుకి పది నిమిషాలు. మూడు వారాల్లో చెయ్యి కుదురుతుంది. ఈ సాధనాలు ఊహతో ఆన్‌లైన్లో కొనకండి. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఉన్న ఎల్వీ ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థలో లో విజన్ విభాగానికి (చూపు తక్కువ ఉన్నవాళ్లకి సాధనాలు చూసి రాసే చోటు) తీసుకెళ్తే అన్నీ పాప చేతికిచ్చి చూసి రాస్తారు. విజయవాడ మీకు దగ్గర.

చలవద్దాలు గురించి ఒక్క మాట. మరీ నల్లవి పెడితే వెలుతురుతోపాటు ఉన్న చూపూ పోతుంది. యూవీ 400 (అతినీలలోహిత కిరణాల్ని ఆపుతుందని చెప్పే గుర్తు) అని రాసి ఉన్న, గోధుమ లేదా కాషాయం ఛాయ కటకాలు, పక్కలనుంచి కూడా కమ్మే ఫ్రేము మంచివి. ఎండలో నల్లబడే ఫొటోక్రోమిక్ కటకాలు ఖరీదైనవి, మన ఎండాకాలంలో మాత్రం కొంత నిరాశపరుస్తాయి. వేడి ఎక్కువైన కొద్దీ అవి తక్కువ నల్లబడతాయి. అతినీలలోహిత కిరణాల్ని అడ్డే అద్దం వెనక, కారు ముందు సీట్లో ఉదాహరణకి, దాదాపు నల్లబడవు. ఇంట్లో చదివేటప్పుడు వెలుతురు తగ్గించాలనుకోవడం కూడా పొరపాటే. తగ్గించాల్సింది కంట్లో పడేది, పుస్తకం మీద పడేది కాదు. దీపం భుజం వెనకనుంచి రావాలి, దానికి మూత ఉండాలి.

ఇక చర్మం. ఇక్కడ వరస ముఖ్యం: వేళ, నీడ, బట్ట, ఆఖరున క్రీము. చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా ఉంటుంది. క్రీము రాశాం కదా అని మిట్టమధ్యాహ్నం పంపేస్తారు.

వేళ అంటే ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా. గడియారం లేకపోతే నీడ చూడండి. పాప నీడ పాపకంటే పొట్టిగా ఉంటే కిరణాలు గట్టిగా ఉన్నట్టు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం యూవీ ఇండెక్స్ (అతినీలలోహిత కిరణాల తీవ్రత చెప్పే అంకె) 11 దాటుతుంది, అది 3కి చేరగానే జాగ్రత్త మొదలుపెట్టాలి. మీరు అడగని ప్రమాదం ఒకటి చెప్తాను. ఒంటిపూట బడులు. ఎండ తప్పించడానికి పెట్టిన ఏర్పాటు అది, మామూలు పిల్లలకి వేడి తప్పుతుంది కూడా. కానీ పన్నెండున్నరకి బడి వదిలేస్తారు, రోజు మొత్తంలో కిరణాలు అత్యంత తీవ్రంగా ఉండే సమయం సరిగ్గా అదే. ఆ నెలన్నర పాపని నడిపించి తేకండి, ఆటో మాట్లాడండి, పక్క పరదా దించమనండి. ప్రార్థన, డ్రిల్లు పీరియడ్, ఆగస్టు 15 కవాతు సాధన, వీటిలో నీడన నిలబడేలా ప్రధానోపాధ్యాయులకి ఏడాది మొదట్లోనే ఉత్తరం రాసివ్వండి. నోటిమాట టీచరు మారితే పోతుంది.

మబ్బు పట్టింది కదా అనుకోకండి, పల్చటి మబ్బులోంచి ఎక్కువ భాగం దిగుతుంది. నీడన ఉన్నా ఎదుట సిమెంటు డాబా ఉంటే కిందనుంచి తిరిగి కొడుతుంది. సముద్రపు ఇసుక పదిహేను శాతం దాకా, నురగ ఇరవై ఐదు శాతం దాకా తిప్పికొడతాయి. కొత్తపట్నం బీచికి వెళ్లాలంటే సాయంత్రం ఐదు తర్వాతే.

బట్టకి పరీక్ష సులభం. గుడ్డని బల్బుకి అడ్డంగా పట్టుకోండి. వెలుతురు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే కిరణాలూ అలాగే దూరతాయి. పల్చటి తెల్ల బనీను గుడ్డ కాపాడేది చాలా తక్కువ, తడిస్తే ఇంకా తక్కువ. దగ్గర నేత, ముదురు రంగు, వదులు కుట్టు, నిండు చేతులు. ముదురు రంగు ఉక్కపోస్తుంది నిజమే, అందుకే వదులుగా కుట్టించాలి, మే నెలలో నీళ్ల సీసా విడవకూడదు. యూనిఫాంకి నిండు చేతులు, మోకాలు దాటిన లెగ్గింగులు అనుమతి తీసుకోండి. టోపీ క్రికెట్ టోపీ కాకూడదు. దానితో చెవులు, మెడ వెనక భాగం బయటే ఉంటాయి, పెద్దయ్యాక చర్మపు క్యాన్సర్లు ఎక్కువగా కనిపించే చోట్లలో అవీ ఉన్నాయి. చుట్టూ ఏడు ఎనిమిది సెంటీమీటర్ల అంచున్న గుడ్డ టోపీ, లేదా టోపీ కింద మెడ మీదికి వేలాడే చున్నీ. గొడుగు నల్లదైతే మేలు.

క్రీము ఎస్‌పీఎఫ్ 30 సరిగ్గా రాస్తే మంట పుట్టించే కిరణాల్లో 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. ఆ ఒక్క శాతం కోసం కొట్లాడక్కర్లేదు, ఎంత రాస్తున్నారన్నదే అసలు సంగతి. డబ్బా మీద అంకె చదరపు సెంటీమీటరుకి రెండు మిల్లీగ్రాముల మందాన రాసి తేల్చింది. జనం రాసేది అందులో సగమో పావో. పాప ముఖం, చెవులు, మెడకి అర టీస్పూను, చేతుల వెనక భాగాలకి ఇంకాస్త, మొత్తం మూడు మిల్లీలీటర్లు ఒకసారికి. బడికి వెళ్లే ముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అంటే రోజుకి ఆరు. యాభై మిల్లీలీటర్ల ట్యూబు ఎనిమిది రోజులు రావాలి. మీది రెండు నెలలు వస్తోందంటే అది దాదాపు అలంకారమే. ఖర్చు భారమవుతుందని తెలుసు. అందుకే బట్టతో వీలైనంత కప్పి, మిగిలిన చోటికే క్రీము అన్నాను.

జింక్ ఆక్సైడ్ లేదా టైటానియం డయాక్సైడ్ ఉన్నవి పిల్లల చర్మానికి మంట పెట్టవు. డబ్బా మీద పీఏ (యూవీఏ రకం కిరణాల్ని ఎంత ఆపుతుందో చెప్పే గుర్తు) పక్కన మూడు ప్లస్సులైనా ఉండాలి. బయలుదేరే ఇరవై నిమిషాల ముందు, ఎండలో బయటే ఉంటే రెండు గంటలకోసారి, చెమట తుడిచాక మళ్లీ. పైన కొబ్బరి నూనె రాయకండి, క్రీము జారిపోతుంది. కొబ్బరి నూనె, పౌడరు ఎండని ఆపవు. కింది పెదవి మర్చిపోతారు, ఎస్‌పీఎఫ్ ఉన్న లిప్ బామ్ ఉంచండి. ట్యూబుని స్కూటీ డిక్కీలో పెట్టొద్దు, ఆ వేడికి పాడవుతుంది. ఆరు నెలల లోపు పసివాళ్లకి క్రీము కాదు, నీడే.

కందితే చల్లటి నీళ్ల గుడ్డ, బరువుని బట్టి పారాసిటమాల్, నీళ్లు ఎక్కువ తాగించడం. ఐసు, టూత్‌పేస్టు వద్దు, బొబ్బ చిదమొద్దు. బొబ్బలు ఎక్కువగా ఉండి జ్వరం వస్తే ఆసుపత్రికే.

నెలకోసారి స్నానమయ్యాక ముఖం, చెవి అంచులు, మెడ వెనక, ముంజేతులు వేలితో తడమండి. కంటికి కనిపించకముందే గరుకు కాగితంలా వేలికి తగిలేవి ఎండ దెబ్బ మచ్చలు, వాటిని చర్మవైద్యులు అతిచల్లని ద్రవ నైట్రోజన్ పెట్టి తేలిగ్గా తీసేస్తారు. నాలుగు వారాలకి మానని పుండు, పెరుగుతున్న గులాబీ రంగు గడ్డ, ముట్టుకుంటే నెత్తురు వచ్చే పొక్కు ఉంటే ఆలస్యం చేయొద్దు. పుట్టుమచ్చ క్యాన్సర్ అంటే నల్లగా ఉంటుందనుకుంటారు, వీళ్లలో అది గులాబీ రంగులో రావచ్చు. ఏమీ లేకపోయినా ఏడాదికోసారి చర్మవైద్యులకి చూపించండి.

ఒక ప్రశ్న మీరు అడగలేదు, నేను అడుగుతాను. పాపకి దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు పడుతున్నాయా? ముక్కునుంచి, పన్ను ఊడినప్పుడు రక్తం చాలాసేపు కారిందా? అయితే హెర్మాన్‌స్కీ పుడ్లాక్ అనే అరుదైన రకం కావచ్చు. ఇక్కడ బోల్తా పడేది ప్లేట్‌లెట్ల (రక్తం గడ్డకట్టించే కణాల) లెక్క దగ్గర. అందులో లెక్క మామూలుగానే ఉంటుంది, పనితీరే లోపం. "కౌంట్ బాగుంది" అని పంపిస్తే వదలకండి, ప్లేట్‌లెట్ల పనితీరు పరీక్ష చేయగల రక్తవైద్యుల దగ్గరికి వెళ్లండి. అది తేలేదాకా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ఇవ్వొద్దు, పన్ను తీయించేముందు డాక్టరుకి చెప్పండి. మాటిమాటికీ చీము పట్టే జబ్బులు వస్తుంటే చెడియాక్ హిగాషి అనే ఇంకో రకం ఉంది, రక్తపు చుక్కని సూక్ష్మదర్శినిలో చూస్తే తెల్లకణాల్లో పెద్ద గుళికలు కనిపిస్తాయి.

రెండో బిడ్డ సంగతి. ఒంటికీ కంటికీ కలిసి వచ్చే రకంలో మీ ఇద్దరిలోనూ ఒక్కో లోపం ఉన్న జన్యువు దాగి ఉంది, పక్కనున్న మంచి జన్యువు వల్ల మీకు బయటపడలేదు. ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశం. మొదటి బిడ్డకి వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదనే లెక్క లేదు, ప్రతిసారీ అదే నాలుగింట ఒకటి. మేనరికంలో ఇద్దరూ ఒకే పూర్వీకుడినుంచి అదే లోపాన్ని తెచ్చుకునే వీలు ఎక్కువ, మీది మేనరికం కాదన్నారు, అయినా రావచ్చు. ఎవరి వైపునుంచి వచ్చిందన్న గొడవకి ఇందులో చోటు లేదు, ఇద్దరినుంచీ రావాల్సిందే. ఏ జన్యువో తెలుసుకోవాలంటే పాపకి రక్తపరీక్ష ముందు. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి మెడికల్ జెనెటిక్స్ (జన్యు వైద్య) విభాగంలో సలహా ఇస్తారు. గర్భం రాకముందే వెళ్లండి, తర్వాత అయితే ఫలితం వచ్చేసరికి వారాలు గడిచిపోతాయి.

ఆఖరుగా సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే ప్రభుత్వ ధ్రువపత్రం. సచివాలయంలో స్లాట్ తీసుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద లెక్క అద్దాలు పెట్టాక ఉన్న చూపుతో జరుగుతుంది. రెండు కళ్లూ 6/24 నుంచి 6/60 మధ్య ఉంటే 40 శాతం, అంతకంటే తగ్గితే ఎక్కువ. రెండూ 6/18 ఉంటే ఏమీ రాదు. అందుకే పైన చెప్పిన పరీక్ష సరిగ్గా జరగడం ముఖ్యం. లో విజన్ విభాగం రిపోర్టు, ఆధార్, ఫొటోలు పట్టుకెళ్లండి. "తెల్లగా ఉంది కదా" అని చర్మం చూసి ఇవ్వరు, చూపుకే ఇస్తారు. 40 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో మిగతా అర్హతల్ని బట్టి నెలకి 6000 పింఛను, పెద్ద పరీక్షల్లో రాయడానికి సహాయకులు, గంటకి కనీసం ఇరవై నిమిషాల అదనపు సమయం అడగొచ్చు. సర్టిఫికెట్ మీద గడువు తేదీ ఉందేమో చూసుకోండి. పదో తరగతి ఏడాదిలో గడువు తీరితే అదనపు సమయం కోసం ఆఖరి నిమిషంలో పరుగులు పెట్టాలి, కాబట్టి తొమ్మిదో తరగతి వేసవి సెలవుల్లోనే కొత్తది తీసి ఉంచండి.